హెపటైటిస్ సి ‘రియాక్టివ్’ అని ఫోను వచ్చిన రక్తదాతకు

మీరు రాసినది నాకు అర్థమైనంతలో ఇది. హనుమకొండలో కాలేజీ శిబిరంలో రక్తం ఇచ్చారు. మూడు వారాల తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వస్తే అమ్మగారు తీశారు. ‘మీ అబ్బాయి రక్తంలో కామెర్ల వైరస్ ఉంది, ఇక ఎక్కడా రక్తం ఇవ్వవద్దని చెప్పండి’ అని అవతలివారు పెట్టేశారు. మీరు వెళ్ళి కాగితం అడిగితే అందులో ‘యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్, నిష్పత్తి 1.6’ అని ఉంది (హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్). అదే సాయంత్రం ఒక ప్రైవేటు ల్యాబులో మళ్ళీ చేయిస్తే నెగెటివ్ అన్నారు. ఇద్దరిలో ఎవరిది అబద్ధమని మీ మొదటి ప్రశ్న. అమ్మ పసరు వేయిద్దామంటున్నారు, ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, తమ్ముడు రక్తం ఇవ్వవచ్చో లేదో తెలియడం లేదు. ఇవి మిగతావి.

నేను డాక్టర్ని కాను. వరంగల్‌లో బ్లడ్ బ్యాంకు ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీ నిష్పత్తి లాంటి అంకెలను యంత్రం మీద చూసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టినవాణ్ణి. మందుల విషయం డాక్టరు చెప్పాలి. పరీక్ష విషయం మాత్రం నేను చెప్పగలను.

ముందు ఆ ఫోను గురించి. అలా చెప్పడం తప్పు. ఫలితాన్ని దాతకే, ఒంటరిగా, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. రక్తం ఇచ్చేముందు మీరు నింపిన ఫారంలో, ఫలితం తేడాగా వస్తే మీకు తెలియజేయాలా వద్దా అని ఒక గడి ఉంటుంది. ఆ గడి మీ కోసం, ఇంట్లో ఫోను తీసినవారి కోసం కాదు. ‘ఒక పరీక్ష విషయం మాట్లాడాలి, మీకు వీలైన రోజు ఒకసారి రండి’ అంటే చాలు. మా దగ్గర కొత్తగా చేరినవారికి నేను మొదట నేర్పింది ఆ ఒక్క వాక్యమే, పిపెట్ పట్టుకోవడం ఆ తర్వాత. మీ రక్తంలో ‘వైరస్ ఉంది’ అన్న మాట కూడా తప్పే. ఆ పరీక్ష వైరస్‌ను చూడనే చూడదు.

చూసేదేమిటో చెబుతాను. ఆ పరీక్ష పేరు ఎలైజా. దాని ప్లేటు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పళ్ళెం, అందులో 96 గుంటలు. ప్రతి గుంట అడుగున హెపటైటిస్ సి వైరస్‌కు చెందిన కొన్ని ప్రోటీన్లను కృత్రిమంగా తయారుచేసి పూత పూసి ఉంచుతారు. దాత సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవాన్ని, అందులో వేస్తాం. ఆ ప్రోటీన్లను గుర్తుపట్టే యాంటీబాడీ, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే పదార్థం, ఏదైనా ఉంటే వచ్చి అతుక్కుంటుంది. అతుక్కోనిదంతా పోయేలా కడుగుతాం. అతుక్కున్నదానికి రంగు తెప్పించే రసాయనాలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తాం. చివర ఆమ్లం పడగానే గుంట పసుపురంగుకు తిరుగుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో యంత్రం అంకెలో చెబుతుంది. కిట్‌తో పాటు వచ్చే ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ నమూనాల నుంచి ఒక హద్దు లెక్కగడతాం, దాన్ని కటాఫ్ అంటాం. దాత అంకెను కటాఫ్‌తో భాగిస్తే వచ్చేదే మీ 1.6. ఒకటి, అంతకు మించి వస్తే రియాక్టివ్.

‘వ్యాధి ఉంది’ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. ‘ఈ గుంట హద్దు దాటి పసుపెక్కింది’ అన్నదే ఉంది. గుంట పసుపెక్కడానికి కారణాలు చాలా ఉంటాయి. నిజంగా వైరస్ ఉండవచ్చు. ఎప్పుడో సోకి, దానంతటదే పోయి, యాంటీబాడీ మాత్రం మిగిలి ఉండవచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే కొన్ని ఆటోఇమ్యూన్ జబ్బుల్లో, రక్తంలో గ్లోబులిన్లు అనే ప్రోటీన్లు బాగా పెరిగినప్పుడు, సంబంధం లేని యాంటీబాడీలు వచ్చి అతుక్కోవచ్చు. సీరం సరిగా విడిపోక, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ దారప్పోగు ఒకటి గుంటలో పడవచ్చు. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు.

యంత్రం పాపం కూడా ఉంటుంది. ఒక ఎండాకాలం ఉదయం ప్లేటు తీసి చూస్తే ‘డీ’ వరుస మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా పన్నెండు గుంటలు, పసుపు పచ్చగా బంతిపూల దండలా ఉన్నాయి. ఒకే శిబిరంలో వరుసగా కూర్చున్న పన్నెండు మందికీ హెపటైటిస్ సి ఉంటుందా? కడిగే యంత్రానికి ఎనిమిది సన్నటి గొట్టాలు ఉంటాయి, ఒక్కో వరుసకు ఒకటి. నాలుగోది ఉప్పు గడ్డకట్టి మూసుకుపోయింది. కడగని గుంటలు రంగు తేలాయి, అంతే. గొట్టాన్ని సూదితో పొడిచి, వేడినీళ్ళతో శుభ్రం చేసి మళ్ళీ నడిపితే పన్నెండూ తెల్లగా వచ్చాయి. వరుస మొత్తం చెడింది కాబట్టి తెలిసింది. ఒక్క గుంటే చెడితే? అందుకే రియాక్టివ్ వచ్చిన నమూనాను మళ్ళీ రెండు గుంటల్లో వేసి చూడటం మంచి అలవాటు. మీ నమూనాను అలా మళ్ళీ చేశారా అని బ్లడ్ బ్యాంకులో అడగండి. అది మీ హక్కు, వాళ్ళకు కోపం రావలసిన ప్రశ్న కాదు.

ఇక అసలు లెక్క. కిట్ డబ్బా మీద కచ్చితత్వం 99 శాతం పైన అని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. అయినా మీలాంటి దాతకు రియాక్టివ్ వస్తే అది నిజమయ్యే అవకాశం 99 శాతం కాదు. ఈ ముడి విప్పడం మా వృత్తిలో ఉన్నవాళ్ళకే కష్టమవుతుంది, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

ఉదాహరణకు పదివేల మంది దాతలు అనుకోండి. లెక్క కోసం మాత్రమే, వాళ్ళలో 30 మందికి నిజంగా ఉందనుకుందాం. కిట్ ఆ 30 మందినీ పట్టుకుంటుంది. మిగిలిన 9,970 మందికి ఏమీ లేదు. కిట్ లేనివాళ్ళలో వెయ్యికి 995 మందిని సరిగ్గా లేదంటుంది, ఐదుగురిని మాత్రం పొరపాటున ఉందంటుంది. వెయ్యికి ఐదు అంటే మనకు పెద్దగా అనిపించదు. కానీ 9,970కి అది దాదాపు 50 అవుతుంది. ఇప్పుడు రియాక్టివ్ వచ్చినవాళ్ళు మొత్తం 80. వాళ్ళలో నిజమైనవాళ్ళు 30, పొరపాటున వచ్చినవాళ్ళు 50.

అదే కిట్‌ను డయాలిసిస్ వార్డుకు తీసుకువెళ్ళండి. అక్కడ వంద మందిలో 20 మందికి ఉందనుకుందాం. 20 నిజమైనవి వస్తాయి, మిగిలిన 80 మందిలో పొరపాటు ఒకటి కూడా రాకపోవచ్చు. కిట్ ఒకటే, టెక్నీషియన్ ఒకరే. జబ్బు అరుదుగా ఉన్నచోట వెతికితే దొరికినవాటిలో పొరపాట్ల వాటా పెరుగుతుంది. శిబిరానికి వచ్చే దాతలు ఆరోగ్యవంతులు, ప్రశ్నలు అడిగి ఏరి తీసుకున్నవాళ్ళు. అందుకే వాళ్ళలో ఈ ఇబ్బంది ఎక్కువ. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, దాతల వంటి తక్కువ ప్రమాదం ఉన్నవారిలో రియాక్టివ్‌లలో సగటున 35 శాతం పొరపాటువని, సందర్భాన్ని బట్టి అది 15 నుంచి 60 శాతం వరకు ఉండవచ్చని రాశారు.

మరి ఇంత పొరపాటు చేసే పరీక్షను ఎందుకు పెట్టుకున్నారని మీరు అడగవచ్చు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో ఎప్పుడైనా వెళ్ళారా? కొనుగోలుదారు బస్తాలోకి చెయ్యి పెట్టి చూస్తాడు. కొంచెం తేమ తగిలినా బస్తా పక్కన పెట్టిస్తాడు. పక్కన పెట్టినవన్నీ బూజు పట్టినవి కావని అతనికీ తెలుసు. కానీ బూజు పట్టింది ఒక్కటి లోపలికి పోతే గోదాంలో సరుకంతా పోతుంది. బ్లడ్ బ్యాంకుది ఆ చెయ్యి. హద్దును కావాలనే కింద పెట్టారు. ఆ పరీక్షకు మేము వేసే ప్రశ్న ‘ఈ సంచి పక్క వార్డులోని పసిబిడ్డకు ఎక్కించవచ్చా’ అన్నది. మీరు వేస్తున్నది ‘నాకు జబ్బు ఉందా’ అన్నది. మొదటి ప్రశ్నకు అది గొప్ప పరీక్ష. రెండోదానికి అది తొలి మెట్టు మాత్రమే.

ఆ పసిబిడ్డ మాట ఊరికే అనలేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఈ పరీక్ష తప్పనిసరి కాదు, 2000 దాటాక అయింది. అసలు వైరస్‌నే 1989లో కనిపెట్టారు. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవారికి కాలేయం వాచేది, ఏ కాదు, బీ కాదు, ఏదో తెలియదు. దానికి పేరు కూడా ‘నాన్ ఏ నాన్ బీ’ అనే పెట్టారు. ఆ పని చేసిన హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్ల్స్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. తొలి కిట్లలో వైరస్ ప్రోటీన్ ఒక్కటే ఉండేది, చాలామందిని వదిలేసేది. తర్వాతి తరాల్లో కోర్, ఎన్‌ఎస్3, ఎన్‌ఎస్5 అనే మరికొన్ని వైరస్ ప్రోటీన్లను చేర్చుకుంటూ వచ్చారు. పరీక్ష ఇలా మెరుగయ్యేలోపు దెబ్బతిన్నది ఎవరంటే తలసీమియా పిల్లలు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటేనే బతికే పిల్లలు, ఒక్కొక్కరి ఒంట్లోకి ఏటా ఎంతమంది రక్తం వెళుతుందో ఆలోచించండి. చిన్నప్పుడు మా కిటికీ దగ్గర తల్లి కొంగు పట్టుకుని నిలబడిన ఒక పిల్లాడు పదిహేనేళ్ళకు హెపటైటిస్ సి రిపోర్టుతో వచ్చాడు. అతనికి అది ఏ సంచి నుంచి వచ్చిందో చెప్పే దారి లేదు. అందుకే పొరపాటున యాభై సంచులు క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లోకి పోయినా నాకు కోపం రాదు. మే నెలలో కాలేజీలు మూసి, శిబిరాలు ఆగిపోయి, ఫ్రిజ్‌లో నెగెటివ్ గ్రూపు ఒక్కటి కూడా లేనప్పుడు మాత్రం ప్రాణం చివుక్కుమంటుంది. ఆ సంగతి దాచను.

మీ 1.6 సంగతికి వస్తాను. నిష్పత్తి ఎంత పెద్దదైతే నిజమయ్యే అవకాశం అంత ఎక్కువ. ఏ అంకె దాటితే నమ్మవచ్చన్నది కిట్‌ను బట్టి మారుతుంది. నేను చెప్పిన సీడీసీ కాగితంలోనే కొన్ని ఎలైజా కిట్లకు 3.8 అని, రంగుకు బదులు వెలుగును కొలిచే ఒక కెమిలుమినిసెన్స్ కిట్‌కు 8 అని ఇచ్చారు. నిజంగా వైరస్ ఉన్నవారిలో అంకె సాధారణంగా ఒకటిని ఒరుసుకుంటూ ఉండదు, బాగా పైకి పోతుంది. మీది హద్దు పక్కనే ఉంది. నా అనుభవంలో ఇలాంటివి ఎక్కువగా ఉత్తివే. కానీ నా అనుభవాన్ని నమ్మి ఊరుకోకండి. ఇప్పుడిప్పుడే సోకినవారిలో యాంటీబాడీ అప్పుడే మొలకెత్తుతూ ఉంటే అప్పుడూ అంకె చిన్నదిగానే ఉంటుంది.

ప్రైవేటు ల్యాబువారు చేసింది బహుశా కార్డు పరీక్ష అయి ఉంటుంది. చుక్క వేసి, పావుగంటకు గీత వచ్చిందా లేదా చూసేది. గంటలోపే రిపోర్టు చేతికి ఇచ్చారంటే దాదాపు అదే. అది కూడా యాంటీబాడీనే చూస్తుంది, పైగా బలహీనమైన ప్రతిచర్యను ఎలైజాలా పట్టదు. మీకు వైరస్ లేదని అది రుజువు చేయదు, బ్లడ్ బ్యాంకు తప్పు చేసిందనీ చెప్పదు. ఇద్దరిదీ అబద్ధం కాదు. ఇప్పుడు మూడో ల్యాబులో, నాలుగో ల్యాబులో మళ్ళీ యాంటీబాడీ చేయించడానికి డబ్బు పెట్టకండి. రెండు ఓట్లు అటు, రెండు ఓట్లు ఇటు పడి మీరు మధ్యలో నిలబడతారు.

చేయించవలసినది ఒక్కటే, హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. వైరల్ లోడ్ అనండి, పీసీఆర్ అనండి, ల్యాబువాళ్ళకు అర్థమవుతుంది. ఇది వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. పరగడుపున వెళ్ళనక్కరలేదు. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో రక్తం తీస్తారు. ఆర్‌ఎన్‌ఏ సున్నితమైనది, తీసిన కొన్ని గంటల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను వేరుచేసి చల్లగా ఉంచాలి. మన ఊళ్ళో చాలా కలెక్షన్ సెంటర్లు నమూనాను హైదరాబాద్ పంపుతాయి. ‘ప్లాస్మా ఇక్కడే వేరుచేసి పంపుతారా, అలాగే బస్సులో వేస్తారా’ అని మొహమాటం లేకుండా అడగండి. సరిగా జవాబు రాకపోతే వేరే చోటుకు వెళ్ళండి. ఖర్చు భారమనుకుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ సి పరీక్ష, మందులు ఉచితం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు కాగితం చూపించి ఆ కార్యక్రమం పేరు చెప్పి అడిగితే దారి చూపిస్తారు.

ఆర్‌ఎన్‌ఏ కనబడితే సోకినట్టే. అదైనా నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో విన్నంత భయంకరమైన మాట కాదు ఇప్పుడు. అప్పట్లో ఇంటర్‌ఫెరాన్ సూదులు నెలల తరబడి, జ్వరాలు, జుట్టు రాలడం, అయినా సగం మందికి ఫలితం ఉండేది కాదు. ఇప్పుడు సొఫోస్బువిర్‌తో పాటు డక్లాటస్విర్ గానీ వెల్పటస్విర్ గానీ మాత్రలు, చాలామందికి పన్నెండు వారాలు. నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. మందు ఆపిన పన్నెండు వారాలకు మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ చూస్తారు, లేకపోతే నయమైనట్టు. ఆ తర్వాత కూడా యాంటీబాడీ ఏళ్ళ తరబడి రియాక్టివ్‌గానే వస్తుంటుంది. ఎప్పుడో ఏదో ఆపరేషన్ ముందు పరీక్షలో అది మళ్ళీ తేలితే బెంబేలెత్తకుండా ఈ రిపోర్టులన్నీ దాచుకోండి.

ఆర్‌ఎన్‌ఏ కనబడకపోతే రెండింటిలో ఒకటి. సోకినవారిలో 15 నుంచి 45 శాతం మంది ఆరు నెలల్లో ఏ మందూ లేకుండానే వైరస్‌ను వదిలించుకుంటారు, మీరు వాళ్ళలో ఒకరై ఉండవచ్చు. లేదా మొదటి నుంచీ ఉత్తి పొరపాటే. ఏదో తేల్చుకోవాలన్న పట్టుదల ఉంటే మొదటి కిట్ కాకుండా వేరే కంపెనీ కిట్‌తో ఎలైజాగానీ కెమిలుమినిసెన్స్ గానీ చేయించండి. అందులో నెగెటివ్ వస్తే మొదటిది పొరపాటే అనుకోవచ్చు. ఒకప్పుడు దీనికోసమే రీబా అనే పట్టీ పరీక్ష ఉండేది, ఇప్పుడు దొరకదు. ఏదైనా సరే మీకు జబ్బు లేదు, మందు అక్కరలేదు. గత ఆరు నెలల్లో పచ్చబొట్టు వేయించుకోవడం, ఊళ్ళో వాడిన సూదితో ఇంజెక్షన్ చేయించుకోవడం లాంటిది జరిగి ఉంటే మాత్రం కొన్ని నెలల తర్వాత ఆర్‌ఎన్‌ఏ మరొక్కసారి చూడమంటారు.

ఈ పరీక్ష ఉన్నదాన్ని లేదనే సందర్భం కూడా ఉంది, రోగికి అసలు ప్రమాదం అక్కడే. వైరస్ ఒంట్లోకి వచ్చాక యాంటీబాడీ కనబడటానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. ఆ మధ్యలో రక్తం ఇస్తే ఎలైజా తెల్లగా చూపిస్తుంది, సంచి వార్డుకు వెళ్ళిపోతుంది. దానం చేసిన రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్షతో ఆ గడువు ఒక వారం దరిదాపులకు తగ్గుతుంది. మన దేశంలో న్యాట్ తప్పనిసరి కాదు, ఖర్చు భరించగలిగిన బ్లడ్ బ్యాంకులు చేస్తున్నాయి. న్యాట్ లేనిచోట ఆ ఎనిమిది వారాలకు అడ్డంగా నిలిచేది ఫారంలోని ప్రశ్నలకు దాత నిజం చెప్పడం ఒక్కటే. జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నా ఏడాది పాటు ఇవ్వవద్దని అంటాం. పక్క మంచంలో బావ ఆపరేషన్‌కు రక్తం కావాలని చుట్టాలందరూ చుట్టూ నిలబడితే ఏ కుర్రవాడు ఆ మాట చెబుతాడు? డబ్బుకు రక్తం అమ్మడాన్ని సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆపారు గానీ, ఈ మొహమాటాన్ని ఏ కోర్టూ ఆపలేదు.

మీరు మళ్ళీ రక్తం ఇవ్వగలరా? మన దేశంలో నియమం ప్రకారం ఇవ్వలేరు. ఆర్‌ఎన్‌ఏ లేకపోయినా, పొరపాటని తేలినా, హెపటైటిస్ సి రియాక్టివ్ వచ్చిన దాతను శాశ్వతంగా పక్కన పెడతారు. అమెరికాలో ఆరు నెలలు ఆగి, యాంటీబాడీ, న్యాట్ రెండూ లేవని తేలితే మళ్ళీ తీసుకునే పద్ధతి ఉంది. మన దగ్గర కూడా అది రావాలని నా అభిప్రాయం. పాతికేళ్ళ కుర్రవాణ్ణి ఒక గొట్టం మూసుకుపోయిన పాపానికి నలభై ఏళ్ళ దానాలకు దూరం చేయడం నాకు నచ్చదు. కానీ న్యాట్ అంతటా లేకుండా ఆ తలుపు తెరవమని కూడా నేను అనలేను. అందాకా వేరే ఊరి శిబిరంలో సంగతి చెప్పకుండా ఇవ్వడం మాత్రం చేయకండి.

అమ్మగారికి పసరు విషయం ఇలా చెప్పి చూడండి. మన వైపు వానాకాలంలో వచ్చే కామెర్లు ఎక్కువగా నీళ్ళ వల్ల వచ్చే ఏ, ఇ రకాలు. అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గే సమయానికి ఎవరు పసరు పోశారో, ఎవరు చేతికి వాత పెట్టారో వాళ్ళకు పేరు వచ్చింది. హెపటైటిస్ సి అలాంటిది కాదు. చాలామందిలో కళ్ళు పచ్చబడవు, ఆకలి పోదు, ఇరవై ముప్ఫై ఏళ్ళు చప్పుడు చేయకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుంది. దానికి పసరు పనిచేయదు. అది లేకపోతే పసరుతో పనే లేదు. పథ్యం పేరుతో మీకు పెరుగన్నం మాన్పించవద్దని కూడా చెప్పండి.

పెళ్ళి మాటలను ఆర్‌ఎన్‌ఏ ఫలితం వచ్చేదాకా రెండు వారాలు మెల్లగా నడవనివ్వండి, ఆపవద్దు. ఒకే కంచంలో తిన్నా, దగ్గరగా కూర్చున్నా, దగ్గినా ఇది అంటదు. భార్యాభర్తల మధ్య కూడా సోకడం చాలా అరుదు. ఫలితం వచ్చేదాకా మీ రేజరు, టూత్ బ్రష్ తమ్ముడు వాడకుండా చూసుకోండి, అది చాలు. వైరస్ ఉందని తేలితే అమ్మాయికి మీరే చెప్పండి, నయమయ్యే జబ్బని కూడా చెప్పండి. లేదని తేలితే చెప్పవలసినదే లేదు.

ఇక తమ్ముడు. మీ కాగితం వల్ల అతని రక్తం చెడ్డదైపోదు, అయినా ఒకే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి మీకు వైరస్ లేదని ఫలితం వచ్చాక అతన్ని వెళ్ళమనండి. పద్దెనిమిదేళ్ళు నిండి, 45 కిలోలు ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే తీసుకుంటారు. ఉదయం ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తిని వెళ్ళమనండి, ఖాళీ కడుపుతో వచ్చి సూది చూసి పడిపోయేవాళ్ళు ప్రతి శిబిరంలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఫారంలో ఫోను నంబరు రాసేచోట ఇంటి నంబరు కాకుండా తనది రాయమనండి.